పది కిలోమీటర్ల బాకీ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా 2025 డిసెంబరు 17న విశాఖపట్నంలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 1976లో చేరి 2014లో రిటైరయ్యేవరకు టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణి. రిలేలు మాట్లాడితే వినడం తెలుసుగాని మైకు ముందు మాట్లాడడం తెలియదు. అయితే కార్యదర్శిగారు నన్ను వదల్లేదు. "మీ పరుగు సంగతీ, ఆ పిల్లల సంగీతం సంగతీ పదిమందికీ చెప్పండి. ప్రత్యేక సంచికలో కూడా వేసుకుందాం" అన్నారు. కాబట్టి జరిగింది జరిగినట్లు చెబుతాను. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి.

ఈరోజు ప్రాముఖ్యం మీకు నేను చెప్పనక్కరలేదు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పింఛను అనేది దొరవారు దయతలచి పడవేసే ముష్టి కాదనీ, మనం చేసిన సేవకు రావలసిన హక్కు అనీ ఆ తీర్పు సారాంశం. ఏటా ఈ మాట మనం వేదికల మీద చెప్పుకుంటూనే ఉన్నాం. అయితే, ముష్టికీ బాకీకీ ఉన్న తేడా నాకు మాత్రం అరవైతొమ్మిదో ఏట, బీచ్ రోడ్డు మీద చెమటలు కక్కుతున్నప్పుడు బోధపడింది. అదే ఈనాటి నా ప్రసంగ విషయం.

మా ఆవిడ మీలో చాలామందికి తెలుసు. ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని కాల్స్ బుక్ చేసుకుని గంటల తరబడి కాచుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో ఆమె గొంతు ఎరగని స్టేషను ఈ జిల్లాలో లేదు. ఎస్టీడీ వచ్చి ట్రంకు బోర్డులు మూతపడ్డాక వేరే సెక్షన్లలో పనిచేసి 2016లో రిటైరయింది. 2021 మే నెలలో కాలం చేసింది. అవి కోవిడ్ రెండో విడత రోజులు. శ్మశానానికి నలుగురం వెళ్లాం. సంతాపసభ లేదు. ఇక్కడ కూర్చున్న మీరెవరూ రాలేకపోయారు. అది మీ తప్పు కాదు, కాలం అటువంటిది.

మా ఆవిడకు సంగీతం వచ్చు. ఉద్యోగంలో చేరకముందు విజయనగరంలో రెండేళ్లు వీణ నేర్చుకుంది. విజయనగరం సంగీత కళాశాల గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? 1919లో మహారాజావారు స్థాపించగా ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ గాలి పీల్చిన పిల్ల కాబట్టి మా మామగారు పెళ్లిలో కట్నంతోపాటు ఒక బొబ్బిలి వీణ కూడా ఇచ్చారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణ అది. మా రెండు గదుల క్వార్టర్సులో ఆ వీణకు చోటు చేయడానికి నా ట్రంకుపెట్టె వరండాలోకి వెళ్లింది.

ఇప్పుడు నా తప్పు సంగతి. దీన్ని నేను ఇంతవరకు సభలో ఎక్కడా చెప్పలేదు.

1983లో నాకు వరుసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. రాత్రంతా స్ట్రౌజర్ స్విచ్చుల మోత విని, పొద్దున ఇంటికి వచ్చి పడుకునేవాణ్ణి. ఆమె పొద్దుటి షిఫ్టు ముగించుకుని రెండింటికి వచ్చి, పిల్లవాడికి అన్నం పెట్టి, ఒక అరగంట వీణ ముందు కూర్చునేది. తలుపు దగ్గరగా వేసుకుని, సన్నగానే వాయించేది. ఒకరోజు నేను నిద్రలోంచి లేచి, "రాత్రంతా అక్కడ మోత, పగలంతా ఇక్కడ మోత. మనిషి బతకాలా వద్దా?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. "సరేనండీ, పడుకోండి" అని, తీగల మీద చెయ్యి పెట్టి ఆపింది. మర్నాడు వీణకు పాత దుప్పటి చుట్టి అటక ఎక్కించింది. ఆ నైట్ డ్యూటీలు ఆరునెలల్లో అయిపోయాయి. వీణ మాత్రం ముప్పైమూడేళ్లు అటక మీదే ఉంది. ఆమె మళ్లీ అడగలేదు. దించమని నేనూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. అసలు దోషం అక్కడుందని ఇప్పుడనిపిస్తుంది.

2016లో రిటైరైన వారానికే ఆమె దాన్ని దింపించింది. మెట్ల కింద మైనం ఎండి పగుళ్లు తీసింది, తీగలు తుప్పుపట్టాయి. బొబ్బిలి పంపించి, ఇరవైనాలుగు మెట్లకూ కొత్త మైనంతో మేళం కట్టించి తెప్పించింది. ఆ తరువాత ప్రతి ఆదివారం మా అపార్టుమెంటు పిల్లలు నలుగురైదుగురికి సంగీతం చెప్పేది. వారిలో మా వాచ్‌మన్ కూతురు ఒకతె. శ్రీకాకుళం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబం. ఆ పిల్ల దగ్గర రుసుము తీసుకోవడం మాట అటుంచి, వచ్చినప్పుడల్లా గిన్నెడు ఉప్మా పెట్టేది.

ఆమె పోయాక ఏడాదిపాటు వీణ మీద గుడ్డ తీయలేదు. 2022లో ఒక సాయంత్రం ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. "తాతగారూ, అమ్మమ్మగారి వీణ ఒక్కసారి ముట్టుకోనా?" అంది. సరేనన్నాను. కూర్చుని మీటింది. తీగలు శ్రుతిలో లేవని నాకు కూడా తెలిసింది. డయల్ టోన్ విని లైనులో లోపం ఎక్కడుందో చెప్పగలిగినవాణ్ణి గదా! కాని ఆ బిరడాలు ఎటు తిప్పాలో నాకు తెలియదు. ఆ పిల్లకూ అంతవరకు పాఠం రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మీ బళ్లో ఎవరైనా చెబుతారా అమ్మా?" అని అడిగాను. "మా బళ్లో పాటల టీచరు లేరు తాతగారూ" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె జ్ఞాపకార్థం ఏదో ఒకటి చేయాలని అప్పటికే అనుకుంటూ ఉన్నాను. గుడిలో పాలరాతి పలక వేయిద్దామా, అన్నదానానికి శాశ్వత నిధి కడదామా అని ఆలోచన. అవన్నీ మంచివే, నేను కాదనను. కాని ఏ శబ్దాన్నయితే నేను ఆపించానో ఆ శబ్దమే తిరిగి మోగాలి గదా అనిపించింది. బెంగుళూరు నాగరత్నమ్మగారు తిరువయ్యారులో త్యాగరాజస్వామివారి సమాధి పాడుబడి ఉండడం చూసి, తన సొంత ఆస్తి ఖర్చు పెట్టి ఆలయం కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించారు. ఈనాటికీ అక్కడ ఏటా వేల గొంతులు పాడుతున్నాయి. రాయితో కట్టినా, దాని చుట్టూ పాట ఉండబట్టి ఆ స్మారకం బతికింది. మనది అంత పెద్ద చెయ్యి కాదు. మనకు ఒక మునిసిపల్ హైస్కూలు, ఒక సంగీతం టీచరు చాలు.

మొదట పెన్షనరు బుద్ధితోనే లెక్క వేశాను. మూడున్నర లక్షలు ఫిక్సెడ్ డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి ఇరవైనాలుగు వేల ఐదువందలు. వారానికి రెండు రోజులు వచ్చే టీచరుకు నెలకు ఆరువేలు గౌరవవేతనం ఇస్తే అది నాలుగు నెలలకే సరి. వాయిద్యాలు కొనడానికి పైసా మిగలదు. అసలు కదపకూడదని కూర్చుంటే పాట సాగదు. కాబట్టి అసలునే మూడేళ్లలో ఖర్చు పెట్టేద్దాం, ఏటేటా మళ్లీ పోగుచేద్దాం అని నిర్ణయించాను. ఈ మాట ఎందుకు వివరంగా చెబుతున్నానంటే, మనలో చాలామంది పెద్దల పేరిట చిన్నచిన్న నిధులు బ్యాంకులో పెట్టి, ఏడాదికోసారి ఒక బహుమతి పుస్తకం ఇచ్చి ఊరుకుంటున్నాం. డబ్బు భద్రంగానే ఉంటుంది, మనం అనుకున్న పని మాత్రం జరగదు.

మరి ఏటేటా పోగుచేయడం ఎలా? మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. "నాన్నా, పరుగెత్తు" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. 2004లో ముంబయి మారథాన్ మొదలైన దగ్గరనుంచీ మన దేశంలో కూడా పరుగు పేరిట మంచి పనులకు విరాళాలు సేకరించే పద్ధతి వచ్చిందట. పరుగెత్తే మనిషి, "నేను ఇంత దూరం పరుగెత్తుతాను, మీరు కిలోమీటరుకు ఇంత ఇవ్వండి" అని తెలిసినవాళ్లను అడుగుతాడు. ఊరకే చెయ్యి చాపడం కాకుండా తానూ కొంత కష్టపడి అడగడం అన్నమాట. మన బీచ్ రోడ్డు మీద కూడా అటువంటి పరుగులు జరుగుతూనే ఉన్నాయి. నేను 2023 నవంబరులో జరిగే పది కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చాను.

నవంబరు అంటే మనకు లైఫ్ సర్టిఫికెట్ నెల. "ఈసారి బ్యాంకుకు నడిచి వెళ్లకు, పరుగెత్తుకుంటూ వెళ్లు, వేలిముద్ర కూడా అడగరు" అని మిత్రులు ఎగతాళి చేశారు. నేను వాళ్లకు ఫౌజాసింగ్‌గారి ఉదాహరణ చెప్పాను. భార్యనూ కొడుకునూ పోగొట్టుకున్న దుఃఖంలో ఆయన పరుగు మొదలుపెట్టి, 2000లో ఎనభైతొమ్మిదో ఏట లండన్ మారథాన్, 2011లో నూరో ఏట టొరంటో మారథాన్ పూర్తిచేశారు. పుట్టిన తేదీకి సర్టిఫికెట్ లేదని గిన్నిస్ బుక్కువారు ఆ రికార్డును ఒప్పుకోలేదు. కాగితాల బాధ మన ఒక్కరిదే కాదని దానివల్ల ధైర్యం తెచ్చుకోవచ్చు. ఆయన 2025 జూలైలో రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు.

ఇక్కడున్న తోటివారికి ఒక హెచ్చరిక. నా మాట విని రేపే బూట్లు కట్టుకుని బయలుదేరకండి. నాకు షుగరు ఉంది, బీపీకి మాత్ర వేసుకుంటాను. ముందు డాక్టరుగారి దగ్గరకు వెళ్లి ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాను. ఆయన సరేనన్నాకే ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. పద్ధతి ఏమిటంటే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. వారానికి మూడు రోజులే. వారం వారం దూరం కొద్దికొద్దిగానే పెంచాలి. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు. మాట తెగిపోతుంటే తగ్గించాలి. ఛాతీలో నొప్పిగాని, కళ్లు తిరగడంగాని వస్తే పట్టుదలకు పోకుండా అక్కడే ఆగిపోవాలి. షుగరు ఉన్నవారు జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు పెట్టుకోవాలి. మొదటినెల నేను ఆర్కే బీచ్ నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లేసరికే బెంచీ కోసం వెతుక్కున్నాను.

నిమిషాలు లెక్కపెట్టుకోవడానికి గడియారం చూస్తుంటే తూలిపోతున్నాను. ఈ మాట వాచ్‌మన్ కూతురు విని, "ఆదితాళం వేసుకోండి తాతగారూ. ఒక లఘువు, రెండు ద్రుతాలు. మొత్తం ఎనిమిది" అని చేతితో వేసి చూపించింది. దెబ్బ వేసి, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. తరువాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నలభై ఏళ్ల కిందట మా ఆవిడ తొడ మీద అలా వేసుకుంటుంటే చూసినవాణ్ణే, అదేమిటని ఏనాడూ అడగలేదు. అరవైతొమ్మిదో ఏట పన్నెండేళ్ల పిల్ల దగ్గర నేర్చుకున్నాను. ఎనిమిది ఆవృత్తాలు పరుగు, పదహారు ఆవృత్తాలు నడక. నా సాధన అంతా ఆ లెక్క మీదే సాగింది.

పరుగు కంటే కష్టమైన పని ఇంకొకటి ఉంది. అది డబ్బు అడగడం. సర్వీసు మొత్తంలో ఒకరి దగ్గర చెయ్యి చాపినవాణ్ణి కాను. విరాళాల పుస్తకం అచ్చు వేయించి, పది రోజులు బీరువాలో పెట్టాను. చివరకు ఘంటసాలగారి కథ జ్ఞాపకం వచ్చింది. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో ఆయన జోలె కట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. విద్య కోసం అడగడంలో సిగ్గు లేదని ఆ పట్టణం ఆయనకు నేర్పింది. అటువంటిది పింఛను తింటూ నాకెందుకు సిగ్గు? పుస్తకం సంచిలో వేసుకుని బయలుదేరాను.

మొదటి ఇల్లు మన లైన్‌మన్ ఒకరి భార్యది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఫ్యామిలీ పెన్షను మీద ఉంటున్నారు. ఆమెను అడగాలని కాదు, చూసి పోదామని వెళ్లాను. సంగతి విని లోపలికి వెళ్లి యాభై రూపాయలు తెచ్చారు. వద్దంటే వినలేదు. "అన్నయ్యగారూ, మా అమ్మకు ప్రాణం మీదకు వచ్చినరోజు పార్వతీపురానికి లైను దొరకలేదు. వదినగారు డ్యూటీ దిగిపోయే టైమైనా కుర్చీలోంచి లేవలేదు. రాత్రి పదకొండుకు లైను కలిపి, అమ్మ చేత నాతో మాట్లాడించారు. తెల్లవారేసరికి అమ్మ పోయింది. ఆ మాట నాకు మిగిల్చింది ఆవిడే. దీన్ని విరాళం అని రాయకండి" అన్నారు. రసీదు మీద ఏమి రాయాలో నాకు తోచలేదు. ఇంట్లో ఆవిడ ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తరువాత అడగడం కష్టం కాలేదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు మా ఆవిడ గురించి నాకు తెలియనిది ఒకటి చెప్పి పంపించేవారు. నేను రసీదులు రాసుకుంటూ నా భార్యను పరిచయం చేసుకున్నాను.

జమాఖర్చులు సంఘం బోర్డు మీద పెట్టాను, అయినా ఇక్కడ చదువుతాను. మన సంఘ సభ్యులు నూటనలభైముగ్గురు ఇచ్చింది 1,18,600 రూపాయలు. బంధువులు, మా పిల్లల స్నేహితులు 1,24,800. బీచ్ రోడ్డు ఉదయపు నడక మిత్రులు 31,500. మొత్తం 2,74,900. నా వంతు 75,100 కలిపితే సరిగ్గా మూడున్నర లక్షలు. ఈ డబ్బుకు వేరే ఖాతా తెరిచి, నేనూ, మన కోశాధికారిగారూ ఇద్దరం సంతకం చేస్తేనే తీసే ఏర్పాటు చేశాం. ఎవరైనా ఇటువంటి పని తలపెడితే దయచేసి ఈ రెండో సంతకం మరచిపోకండి. మనిషి ఎంత మంచివాడైనా సొంత ఖాతాలో పదిమంది డబ్బు కలపకూడదు.

కాని ఈ వాగ్దానాల్లో సగానికి పైగా కిలోమీటరు లెక్కన చేసినవి. నేను ఏడు దగ్గర ఆగిపోతే ఏడింటికే జమ. "మధ్యలో కూలబడితే మిగిలింది ఎగ్గొడతాం" అని మన మిత్రులు నవ్వుతూనే అన్నా, నాకు మాత్రం నవ్వు రాలేదు.

పరుగు రోజు తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే వేలమంది కుర్రవాళ్ల మధ్య నిలబడ్డాను. ఆర్కే బీచ్ దగ్గర బయలుదేరి, జోడుగుళ్లపాలెం దాకా వెళ్లి తిరిగి రావాలి. మొదటి ఐదు కిలోమీటర్లు ఆదితాళం లెక్క ప్రకారం హాయిగా సాగాయి. తూర్పున సముద్రం మీద వెలుతురు వచ్చింది. తిరుగుదారిలో ఎండ ఎక్కింది. ఏడో కిలోమీటరు దాటాక ఎడమ పిక్క పట్టేసింది. కాలు కింద పెట్టలేకపోయాను. వాలంటీరు అబ్బాయి పరుగెత్తుకు వచ్చి, "అంకుల్, వ్యాన్ ఎక్కేయండి, పరవాలేదు" అన్నాడు. రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాను. పిక్క నొక్కుకుంటూ, ఎక్కేద్దామనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు పిల్లలు జ్ఞాపకం రాలేదు, డబ్బు జ్ఞాపకం రాలేదు. తీగల మీద చెయ్యి పెట్టి ఆపిన ఆ చెయ్యి కనిపించింది. ముప్పైమూడేళ్లు ఆగింది ఆమె. నేను మూడు కిలోమీటర్లు నడవలేనా?

లేచి కుంటుకుంటూ నడిచాను. మిగిలినదంతా నడకే. పరుగు అని పేరుగాని ఆ చివరి భాగంలో తోపుడుబండి అమ్మాయి కూడా నన్ను దాటిపోయింది. నేను చేరేసరికి గంటా యాభైరెండు నిమిషాలు పట్టింది. కుర్రవాళ్లు పతకాలు మెడలో వేసుకుని టిఫిన్లు తింటున్నారు. మా వాచ్‌మన్ దంపతులూ, కూతురూ గీత దగ్గర నిలబడి ఉన్నారు. ఆ పిల్ల చప్పట్లు కొట్టలేదు. తాళం వేస్తూ నిలబడింది. దెబ్బ, వేళ్లు, దెబ్బ, విసురు. దానితో కాళ్లు కలుపుకుని గీత దాటాను. పది కిలోమీటర్లూ జమ అయ్యాయి.

2024 జూన్‌లో బళ్లు తెరిచాక క్లాసులు మొదలయ్యాయి. రెండు బొబ్బిలి వీణలు అరవైవేలు, ఆరు వయొలిన్లు ముప్పైతొమ్మిదివేలు, రెండు శ్రుతిపెట్టెలు ఏడువేలు, వాయిద్యాలు దాచడానికి ఇనప బీరువా పన్నెండువేలు, చాపలు, విడి తీగలు, కమానులకు పన్నెండువేలు. టీచరుకు ఏడాదికి పదినెలల చొప్పున మూడేళ్లకు లక్షా ఎనభైవేలు. మిగిలిన నలభైవేలు మరమ్మతులకూ, ఏటేటా పిల్లల కచేరీకీ. టీచరమ్మ విజయనగరం కళాశాలలోనే డిప్లొమా చదివిన అమ్మాయి. మంగళవారం, శనివారం బడి వదిలాక గంటన్నర చెబుతుంది. ఏ వాయిద్యం ఎత్తుకున్న పిల్లలైనా ముందు గాత్రంలోనే సరళీ స్వరాలు పాడాలని ఆమె నియమం. మాయామాళవగౌళలో నోరు తిరిగాకే తీగ మీదకు వేలు.

అంతా పూలబాటేమీ కాదు. మొదటి ఏడాది ఇరవైయేడుగురు చేరారు, పదకొండుమంది మానేశారు. కొందరు క్రికెట్‌కు పోయారు, ఇద్దరు ఆడపిల్లలను ఇంట్లో పని ఉందని మాన్పించారు. ఒక వయొలిన్ కింద పడి మెడ విరిగింది. మిగిలిన పదహారుమంది గీతాలలోకి వచ్చారు. వాచ్‌మన్ కూతురు ఇప్పుడు చిన్నపిల్లలకు తానే శ్రుతి పెట్టి ఇస్తోంది. మా ఇంటి వీణకు కూడా ఆ అమ్మాయే శ్రుతి చేస్తుంది.

2024 పరుగులో మన సంఘం నుంచి ఎనిమిదిమంది నాతో కలిసి ఐదు కిలోమీటర్లు నడిచారు. అరవైనాలుగువేలు వచ్చింది. అంటే నాలుగో ఏడాది టీచరు జీతం గడిచింది. పోయిన నెల పరుగుకు పద్నాలుగుమంది వచ్చారు. వసూళ్లు ఇంకా వస్తున్నాయి, లెక్క తేలాక బోర్డు మీద పెడతాం.

చివరగా ఒక చిన్న సంఘటన చెప్పి ముగిస్తాను. క్లాసులు మొదలైన మూడో నెలలో ఒక శనివారం మధ్యాహ్నం నేను బడికి వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు జంట స్వరాలు వాయిస్తున్నారు. వీణలు, వయొలిన్లు, నాలుగు గొంతులు అపశ్రుతిలో. బయట ఎండ, లోపల ఫ్యాను. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. హాయిగా నిద్రపోయాను. ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో ఒక క్షణం అర్థం కాలేదు. చూస్తే పిల్లలందరూ వాయించడం ఆపేసి నావైపు చూస్తున్నారు. టీచరమ్మ పెదవి మీద వేలు పెట్టి, "తాతగారు పడుకున్నారు, చప్పుడు చేయకండి" అని సైగ చేస్తోంది.

చప్పుడు ఆగడం వల్లే నాకు మెలకువ వచ్చింది.

"ఆపకండమ్మా, నా కోసం ఎప్పుడూ ఆపకండి" అన్నాను. గొంతు సరిగా రాలేదు. పిల్లలు ఎందుకో నవ్వి మళ్లీ మొదలుపెట్టారు.

సోదర సోదరీమణులారా, అది నేను చేసిన దానం కాదు. నా బాకీ. మన పింఛను ముష్టి కాదని కోర్టు చెప్పినట్లే, ఈ పిల్లలకు మనం ఇచ్చేది కూడా దయాధర్మం కాదు. మన ఇళ్లలో మన సౌకర్యం కోసం ఆగిపోయినవి ఎన్నో ఉంటాయి. కొందరికి పాట, కొందరికి చదువు, కొందరికి కుట్టుమిషను. అవి ఆపినవారూ, ఆపించినవారూ ఇక్కడే ఉన్నాం. వారు మన పక్కనే ఉంటే ఈరోజే ఇంటికి వెళ్లి అడగండి. నాలాగా ఆలస్యం చేయకండి.

నా విన్నపం రెండే రెండు మాటలు. మీ అటకల మీద హార్మోనియంగాని, వయొలిన్‌గాని, మృదంగంగాని దుమ్ము కొట్టుకుని ఉంటే సంఘ కార్యాలయంలో చెప్పండి, మేమే వచ్చి తీసుకుని బాగు చేయించుకుంటాం. వచ్చే నవంబరులో డాక్టరు సరేనన్నవారు నాతో నడవడానికి రండి. నడవలేనివారు గీత దగ్గర నిలబడి తాళం వేయండి. అదీ చాలా పెద్ద సాయమని అనుభవం మీద చెబుతున్నాను.